స్నేహమునకు తగిన చోటు

సంస్కృతమున స్నేహ శబ్దమునకు రెండర్థములు ప్రసిద్ధములు. ఒకటి చెలిమి. రెండవది నూనె, నేయి మొదలగు జిడ్డు పదార్థము. వైద్యుడు స్నేహపానమనినచో నేయి త్రాగుటయని గ్రహింతుము. సామాన్యుడు స్నేహమనినచో మైత్రియని గ్రహింతుము. తార్కికులు మఱియొక విధముగ చూతురు. మన ఆంధ్రదేశమునకు చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహమున లెక్కించిన ఇరువదినాలుగు గుణములలో స్నేహమొకటి. పొడిపొడిగా రాలిపోవు పిండి ముద్దగా కూడుటకు కారణమైన గుణమది. విడివిడిగా నున్నవానిని కలుపుట, ఒకదానితో నొకటి ఒరయునపుడు రాపిడి తగ్గించుట, ఈ రెండు పనులును చమురునకు గలవు, చెలిమికిని గలవు. కావుననే రెండింటికి నొకే పేరు తగియున్నదని నేను విద్యార్థులకు చెప్పెడివాడను. ముప్పది యేండ్లకు పైగా ఈ మాట చెప్పితిని. ఐనను స్నేహమునకు తగని చోటు కూడ నొకటి కలదనియు, అచట స్నేహము పూయుట అపాయమనియు నాకు తెలిసినది ఈ వయస్సున, పరదేశమున, మా కుమార్తె యింట సైకిళ్ళుంచు గదిలో.

సైకిలు ప్రసంగమునకు ఈ పత్రికయందు చోటేమియని చదువరులు సందేహింపవచ్చును. ధర్మము సూక్ష్మమని పెద్దలందురు. సూక్ష్మమైనది ఎచటనైనను కనబడవచ్చును గదా. కొంచెము ఓపికతో చదువ ప్రార్థన.

మా కుమార్తె కుటుంబము కాలిఫోర్నియా రాష్ట్రమున శాన్‌ఫ్రాన్సిస్కో నగర సమీపమున నివసించుచున్నది. ఆ ప్రాంతమున మన తెలుగు కుటుంబములు మిక్కిలిగా గలవు. లివర్‌మోర్ పట్టణమున శివవిష్ణ్వాలయము గలదు. 2023వ సంవత్సరపు వేసవిలో నేనచట మూడు మాసములుంటిని. మా మనుమడు పదునేడేండ్లవాడు. వాడును వాని స్నేహితులు మువ్వురును ఆదివారములందు కొండదారులలో సైకిళ్ళు త్రొక్కుటకు పోవుదురు. "చక్కని రోడ్లుండగా కొండల్లో సైకిలేమిట్రా?" అని నేనడిగితిని. "తాతయ్యా, ఈ ఆట పుట్టిందే ఇక్కడ" అని వాడు గర్వముతో చెప్పి ఆ కథ వినిపించెను.

గోల్డెన్ గేటు వంతెన దాటి ఉత్తరముగ పోయినచో మరిన్ కౌంటీ యను ప్రాంతము, అందు టామల్‌పయస్ పర్వతము కలవు. 1970 దశకమున అచటి యువకులు కొందఱు 1930, 1940 ప్రాంతములనాటి లావు టైర్ల పాత సైకిళ్ళను సంపాదించి, తామే బాగుచేసికొని, మట్టిదారులలో దిగుచుండిరి. ఫెయిర్‌ఫాక్స్ అను ఊరికి సమీపముననున్న ఒక మట్టిదారిలో 1976 అక్టోబరు 21వ తేదీన వారు తొలి పందెము జరిపిరి. సుమారు రెండు మైళ్ళ దూరములో 1300 అడుగులు దిగవలెను. చార్లీ కెల్లీ, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ మొదలగువారు ఆ బృందమున ముఖ్యులు. వారిలో జో బ్రీజ్ 1977లో కొండదారులకే పనికివచ్చునట్లు క్రొత్తగా సైకిలు చట్రము నిర్మించెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు స్థానము లభించెను.

ఈ కథలో నన్ను ఆకర్షించినది ఆ దారి పేరు. దానిని 'రీప్యాక్' అందురు. మరల కూరుట యని యర్థము. ఆ పాత సైకిళ్ళకు బ్రేకు వెనుక చక్రపు నాభియందుండెడిది. పెడలును వెనుకకు త్రొక్కినచో చక్రమాగును. నిట్టదిగుడులో ఆ బ్రేకును పట్టిపట్టి దిగుటచే నాభి కాగి, లోపలి గ్రీజు పొగయై పోయెడిది. క్రిందికి చేరిన పిదప ఆ నాభిని విప్పి మరల గ్రీజు కూర్చినగాని రెండవమారు దిగుటకు వీలులేదు. అందుచే ఆ దారికా పేరు స్థిరపడినది. అది గెలిచినవాని పేరు కాదు, రాజు పేరు కాదు. ఒక మరమ్మతు పేరు. ఎంత ఉల్లాసముగ దిగితివో అంత శ్రద్ధతో కూర్చుండి చేతులు మసిచేసికొమ్మని ఆ దారి తన పేరుతోనే చెప్పుచున్నది.

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు అనన్యభక్తుల యోగక్షేమములను తానే వహింతునని మాట యిచ్చినాడు. లేనిది లభించుట యోగము, లభించినది చెడకుండ కాచుకొనుట క్షేమము, అని భాష్యకారుల వివరణము. మనుష్యులకు యోగమునందున్న ప్రీతి క్షేమమునందుండదు. క్రొత్త సైకిలు కొనునాటి యుత్సాహము దాని చైను తుడుచునాటికుండదు. ఇల్లు కట్టుట పండుగ. కప్పు కారుచున్నదేమో చూచుట విసుగు. స్నేహితుని సంపాదించుట ఆనందము. ఆ స్నేహమును కాచుకొనుట శ్రమ. భగవానుడు ఈ రెండింటిని ఒక్క మాటలో కలిపి చెప్పుటయే గమనింపదగినది. క్షేమము యోగమునకు తోక కాదు, దానితో సమానము.

మా మనుమడు ఈ విషయమున శ్రద్ధగలవాడు. శనివారము సాయంకాలము గ్యారేజిలో సైకిలును తలక్రిందు చేయక, ఒక నిలువు కమ్మికి తగిలించి, ముందునుండి వెనుకకు వరుసగా పరీక్షించును. టైర్లలో ట్యూబులుండవు, ముల్లు గ్రుచ్చుకొన్నపుడు తానే రంధ్రమును పూడ్చునట్టి పాలవంటి ద్రవము పోయుదురు. అది కొన్ని మాసములకు ఎండిపోవును గనుక మరల పోయవలెను. ముందు చక్రము మీది కుదుపులను మ్రింగు గొట్టములలో చమురు మార్చుటకు గంటల లెక్క గలదు. ఇక చైను. క్రొత్తదైనపుడు పండ్రెండు జతల లంకెలు సరిగా 12 అంగుళములుండును. వాడినకొలది సాగినట్లు కనబడును. నిజమునకు ఇనుము సాగుట కాదు, కీలు కీలునను ఉన్న సన్నని చీలలు అరుగుట. నూటికి అర వంతు పెరిగినంతనే మార్చవలెనని వాడు చెప్పెను. అశ్రద్ధ చేసినచో అరిగిన చైను తనతోపాటు పళ్ళచక్రములను కూడ అరగదీయును. చైను వెల తక్కువ, పళ్ళచక్రముల వెల యెక్కువ. చిన్న దోషము తనలో తానుండదు, పెద్దదానిని తినును.

తరువాత వాడు చైను కీలొక్కింటికి నూనె బొట్టొక్కటి చొప్పున వేసెను. కొంతసేపటికి పైనున్న నూనెనంతయు గుడ్డతో తుడిచివేసెను. "తుడిచేసేదానికి పూయడమెందుకురా?" అంటిని. "లోపలికి పోయిందే పనిచేస్తుంది తాతయ్యా. పైన మిగిలింది దుమ్మును పట్టుకొని చైనును తినేస్తుంది" అనెను. నేను నవ్వుకొంటిని. మనుష్యులలోను పైకి మిలమిలలాడు స్నేహము అట్టిదే గదా.

వానికి సాయపడవలెనను కోరికతో నేను ఆ గుడ్డనే తీసికొని చక్రములు తుడువసాగితిని. చక్రము నడుమ పలుచని ఉక్కు పళ్ళెమువంటి డిస్కు ఒకటి గలదు. దానిపై దుమ్ము కనబడెను. ప్రేమతో దానిని గూడ రెండు వైపుల నిగనిగలాడునట్లు తుడిచితిని. మనుమడు చూచి ఒక్క కేక వేసెను. "తాతయ్యా, అక్కడ నూనె వద్దు! అది బ్రేకు!"

అపుడు వాడు శాంతముగ వివరించెను. ఇప్పటి సైకిళ్ళలో రెండు ప్యాడ్లు ఆ డిస్కును ఇరువైపుల నొక్కి పట్టుటచే చక్రమాగును. ఆపునది రాపిడియే. ఒక్క చమురు పొర దానిపై పడినను రాపిడి పోవును. ప్యాడ్లు ఆ నూనెను పీల్చుకొన్నచో బ్రేకు పట్టదు. వాడు స్పిరిటు వంటి ద్రవముతో డిస్కును పలుమార్లు తుడిచెను. చక్రము త్రిప్పక మునుపే చూచుటచే ప్యాడ్లకు జిడ్డు అంటలేదు. నా స్నేహమును తుడిచివేయుటకు వానికి అరగంట పట్టినది.

రీప్యాక్ దారి కథలో గ్రీజు బ్రేకు లోపలనే ఉండవలెనని గదా చెప్పితివి, ఇపుడు బ్రేకునకు జిడ్డు తగలరాదందువేమి, అని నేను ఆక్షేపించితిని. ఆ యంత్రము వేఱు, ఈ యంత్రము వేఱు అని వాడనెను. అదే నూనె ఒకచోట ప్రాణము, ఒకచోట విషము. దేశకాలపాత్రములనుచు మనము పాఠము చెప్పునది ఇదియే గదాయని నేను మౌనము వహించితిని.

మఱునాడు జరిగిన సంగతి చెప్పెదను. ఆ దేశమున కొండదారులకు మర్యాదలు గలవు. సైకిలువాడు కాలినడకవానికిని గుఱ్ఱపు రౌతునకును దారి యియ్యవలెను. దిగువాడు ఎక్కువానికి దారి యియ్యవలెను. వానకు మెత్తబడిన దారిలో త్రొక్కి చాళ్ళు పడనీయరాదు. మరిన్ ప్రాంతపు జలసంస్థ భూములలోనైతే గంటకు 15 మైళ్ళ వేగము మించరాదు. చూపానని మలుపులలో 5 మైళ్ళు మించరాదు. ఈ మర్యాదలను బాలురందఱును ఒప్పుకొనినవారే. కాని నోరొప్పుకొనిన చాలదు, చేతిలోని బ్రేకు కూడ ఒప్పుకొనవలెను. ఆపుకొనలేనివాడు దారి యియ్యలేడు, మనసున ఎంత మర్యాదస్థుడైనను.

నలుగురును ఆ యుదయము ఒక పొడవైన దిగుడులో ఒకరి వెనుక నొకరు దిగుచుండిరి. మూడవవాడు ఆ దేశపు బాలుడు. వాని సైకిలు పాతది, ఎవరో వాడి అమ్మినది. దాని బ్రేకు ప్యాడ్లు అరిగి అరిగి లోపలి లోహపు పలక డిస్కును తాకు స్థితికి వచ్చియున్నవి. దిగుడు పొడవైనకొలది వేడి పెరిగి, పిడిని ఎంత నొక్కినను అది చేతికి చివరంట వచ్చినదే కాని చక్రమాగలేదు. ఎదుట మలుపు. మలుపులో మా మనుమడు ఆగియున్నాడు, ఎదురుగా ఎక్కివచ్చుచున్న ఒక వృద్ధ దంపతులకు దారి యిచ్చుచు. ఆ బాలుడు వారెవరికిని తగులకుండుటకై సైకిలును గట్టువైపు మరల్చి పడిపోయెను. భుజము ముందరి యెముక విఱిగినది. శిరస్త్రాణముండుటచే తలకు దెబ్బ తగులలేదు. తక్కిన మువ్వురు వానిని వదలక, నీరిచ్చి, చేతిని కదలకుండ కట్టి, సహాయము వచ్చువరకు కనిపెట్టుకొనియుండిరి. భగవదనుగ్రహమున అంతటితో పోయినది.

ఆ సాయంకాలము తక్కిన మువ్వురు మా యింటికి వచ్చిరి. ఎవరును భోజనమున చేయి పెట్టలేదు. నాలుగవవాడు తెలుగు బాలుడు. కొంతసేపటికి వాడు తల వంచుకొని చెప్పెను. రెండు వారములకు ముందే వానికా సంగతి తెలియును. ముందు పోవు స్నేహితుని బ్రేకునుండి ఇనుము ఇనుమును గీయు చప్పుడు వాడు వినియుండెను. "మరి చెప్పలేదేం?" అని మా మనుమడు కోపముతో అడిగెను. వాడు నావైపు తిరిగి, "తాతగారూ, వాళ్ళింట్లో డబ్బుకు ఇబ్బంది. సైకిలు పాతదని వాడికి ముందే సిగ్గు. అందరి ముందూ అంటే బాధపడతాడని ఊరుకున్నాను. స్నేహం కొద్దీ చేశాను. తప్పా?" అని అడిగెను.

శాస్త్రము చదివినవాడనని వాడు నన్నడిగెను. నాకు వెంటనే మాట రాలేదు. "రేపు మాట్లాడుకొందాం నాయనా" అని పంపివేసితిని. మాట రాకపోవుటకు కారణము శాస్త్రము తెలియక కాదు. నేనును ఆ తప్పు చేసినవాడను.

పాఠశాలలో నాతోపాటు ఒకే గురువునొద్ద సంథ చెప్పుకొన్న మిత్రుడొకడు ఉండెను. తరువాత ఇద్దఱమును ఒకే ఊర పనిచేసితిమి. అతనికి చక్కెరవ్యాధి. ప్రతిదినము తెల్లవారుజామున పాదరక్షలు లేక ఆలయమునకు నడచి ప్రదక్షిణములు చేయుట అతని నియమము. 2014వ సంవత్సరమున ఒకనాడు కోనేటి మెట్లపై అతని ప్రక్కన కూర్చుండినపుడు అరికాలిలో పుండు చూచితిని. ఆ వ్యాధిగలవారికి పాదములలో స్పర్శ తగ్గును, నొప్పి తెలియదు, కావుననే పుండు ముదురును, అని నాకు తెలియును. "ఇదేమిటోయ్?" అంటిని. "ఏదో రాయి గీచుకుంది, పసుపు పెట్టాను" అనెను. నియమనిష్ఠలు గలవాని వ్రతమును ఆక్షేపించినట్లగునని నేను ఊరకుంటిని. పది దినములు వరుసగా చూచి పది దినములును ఊరకుంటిని. చివరకు మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చెను.

నేను పరామర్శకు పోయినపుడు అతడు నన్ను నిందింపలేదు. ఒక్క మాట యనెను: "నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు కదా. నువ్వేమీ అనలేదు గనుక అంత ప్రమాదం లేదేమో అనుకున్నానోయ్." ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది. నేను మౌనముగ నుంటిననుకొంటిని. కాని నా మౌనము అతనితో మాటాడినది. భయము లేదని అతనికి అభయమిచ్చినది. నేను చెప్పని అబద్ధమును నా మౌనము చెప్పినది.

ఆ రాత్రి నిదుర పట్టక బాలుని ప్రశ్నను ఆలోచించితిని. వాని పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. స్నేహితుని గుట్టు దాచుట మంచి మిత్రుని లక్షణములలో ఒకటిగా భర్తృహరి నీతిశతకమున చెప్పినాడు. పేదఱికమును పదుగురిలో బయటపెట్టుట క్రూరత్వము. ఇక, ఎవరి సైకిలు వారిది, ఎవరి శరీరము వారిది, దానిని గూర్చి పలుకుటకు మనమెవరము, అను వాదము కూడ కలదు.

ఐతే అదే శ్లోకమున ఆ కవి గుట్టు దాచుటకంటె ముందుగా పాపమునుండి మరల్చుటను చెప్పినాడు. వరుస ఊరక వచ్చినది కాదని నా తలపు. దాచదగినది స్నేహితుని సిగ్గు. దాచరానిది స్నేహితుని అపాయము. ఈ రెండును తఱచు ఒకే మూటలో కట్టియుండును, అదియే చిక్కు. ఆ బాలుని పేదఱికము గుట్టు. ఆ బాలుని బ్రేకు గుట్టు కాదు. మూట విప్పి ఒకటి దాచి ఒకటి చెప్పుటకు శ్రమపడవలెను. ఆ శ్రమకు ఓర్వలేక మూటను మూటగానే దాచివేయుట స్నేహము కాదు, సోమరితనము.

ఇక ఎవరి వాహనము వారిదను వాదము. ఒక్కడే ఎడారిలో తిరుగువానికి అది కొంతవరకు చెల్లునేమో. వరుసగా దిగువారిలో చెల్లదు. ఆలోచింపుడు: ముందు పోవువాని ప్రాణమునకు కావలి వాని వెనుకవాని బ్రేకు. ఎదురుగా నడచివచ్చు వృద్ధదంపతులకు కావలి, వారెన్నడు నెఱుగని ఒక బాలుని చేతిలోని పిడి. నా బ్రేకు నాకంటె నా ముందువానిది. కుటుంబమునను, ఊరిలోను, మనమందఱము ఇట్లే ఒకరి వెనుక నొకరము దిగుచున్నవారము. నా కోపమునకు పట్టు లేనిచో దెబ్బ తగులునది నాకు కాదు, నా ముందు నడచు బిడ్డలకు. కఠోపనిషత్తు ఈ శరీరమును రథముగ చెప్పి, ఇంద్రియములను గుఱ్ఱములనియు మనస్సును కళ్ళెమనియు చెప్పినది. ఆ రథము రాజవీథిలో పోవుచున్నదని, ఆ వీథిలో ఇతరులును ఉన్నారని మనము మఱవరాదు.

మిగిలినది మొగమాటము. ఇది మన తెలుగువారికి ఉగ్గుపాలతో వచ్చిన గుణము. దీనివలన ఎన్నో కలహములు తప్పినవి, నిజమే. కాని ఊరకుండువాడు తన మనసును నిలదీసి చూచుకొనవలెను: ఈ మౌనము ఎవరి సుఖము కొఱకు? కోనేటి మెట్లపై నేను కాచినది మిత్రుని మనసు ననుకొంటిని. నిజమునకు కాచుకొన్నది నా మంచితనమును, ఆ నిమిషమున మా యిద్దఱి నడుమ గల తియ్యదనమును. డిస్కుపై నూనె పూసి నిగనిగలాడుచున్నదని సంతోషించిన వాడను నేనే. చైనుకు స్నేహము కావలెను. బ్రేకునకు రాపిడి కావలెను. స్నేహితుడు చైను వలె మెత్తగా నడుచుట చాలదు, వలసినపుడు బ్రేకు వలె ఒరసి పట్టవలెను. ఆ ఒరపిడియందు కొంత వేడి పుట్టును, కొంత చప్పుడగును. దానికి వెఱచినచో స్నేహము దిగుడులో పనికిరాదు. ధృతరాష్ట్రునకు విదురుడు, రావణునకు మారీచుడును విభీషణుడును అట్టి రాపిడిని పెట్టినవారే. వినకపోవుట విననివారి దోషము; చెప్పకపోవుట మాత్రము మన దోషము.

ఐతే చెప్పు విధమొకటి కలదు. మా మనుమని పెట్టెలో బిగింపును కొలుచు పానా యొకటి గలదు. పిడికమ్మిని పట్టియుంచు చిన్న బోల్టులను 5 న్యూటన్ మీటర్ల బలముతో మాత్రమే బిగించునట్లు దానిని అమర్చుకొనును. వదులైనచో పిడి తిరిగిపోవును. మితిమీరినచో మర చెడును, కమ్మి పగులును. హితవాక్యమునకును అట్టి కొలత కావలెను. పదుగురిలో కాదు, ఏకాంతమున. దిగుడు మధ్యమున కాదు, బయలుదేరుటకు ముందు. వట్టి చేతులతో కాదు, చేతిలో పానాతో. "నీ బ్రేకు చెడింది" అనుట వేఱు, "నీ బ్రేకు అరిగింది, రా, ఇద్దరం మారుద్దాం" అనుట వేఱు. మొదటిది నింద, రెండవది సేవ.

ఇట్టి సేవను స్వయముగ చేసి చూపినవాడు పార్థసారథి. భారతయుద్ధమున పదునాలుగవనాడు, సూర్యాస్తమయములోగా సైంధవుని వధింతునని ప్రతిజ్ఞ చేసి అర్జునుడు శత్రుసేనలను చీల్చుకొని పోవుచుండెను. క్షణక్షణము విలువైనది. గుఱ్ఱములు బాణములు నాటి, దప్పిగొని, అలసియుండెను. అపుడు ఆ రణమధ్యమున రథమును నిలిపి, అర్జునుడు బాణములతో నేలను చీల్చి కొలను కల్పించి, బాణములతోనే శాలను కట్టి కాపు కాయుచుండగా, కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, శరీరములందు నాటిన బాణములను తీసి, చేతులతో తోమి, నీరు పట్టి, అలసట తీర్చి, మరల రథమునకు పూన్చెను. ద్రోణపర్వమునందలి ఈ ఘట్టమును నేను పలుమార్లు పాఠము చెప్పినను, అందలి రహస్యము ఆ రాత్రియే తెలిసినది. వేళ మించుచున్నదని గుఱ్ఱములను అదలించలేదు. అలసినవని అందఱియెదుట నిందింపలేదు. తెలియనట్లు ఊరకుండనులేదు. దిగి, విప్పి, బాణము తీసెను. జగన్నాథునకే తక్కువ కాని ఆ పని మనకు తక్కువ యగునా?

మఱునాడు ఆ తెలుగు బాలుడు వచ్చినపుడు నేను తీర్పు చెప్పలేదు. నా మిత్రుని కాలి సంగతి చెప్పితిని. వాడు చాలసేపు మాటాడక, "అయితే మీరూ చెప్పలేదా తాతగారూ" అనెను. "చెప్పలేదు నాయనా. అందుకే నీకు చెబుతున్నాను" అంటిని. వాడు లేచి పోయి, నేరుగా ఆ గాయపడిన బాలుని యింటికే పోయెను. అచట వారేమి మాటాడుకొనిరో నేనడుగలేదు.

వారము దాటిన పిమ్మట ఆ నలుగురును ఒక నియమము చేసికొనిరి. బయలుదేరుటకు ముందు ప్రతివాడును తన సైకిలును కాక, ప్రక్కవాని సైకిలును పరీక్షింపవలెను. గాలి, బ్రేకు, చైను, బోల్టులు. ప్యాడ్లపై పదార్థము ఒక్క మిల్లీమీటరునకు తగ్గినచో ఆ దినము దిగుడు లేదు. క్రొత్త ప్యాడ్లు అందఱి సంచులలో నొక జత యుండును. ఎవరివి ఎవరికి వాడిరను లెక్క లేదు. నియమమైనపుడు నింద యుండదు. "నీ బ్రేకు అరిగింది" అని చెప్పుట ఇపుడు ఎత్తిపొడుపు కాదు, ఆనాటి వంతు పని.

ఈ యేర్పాటు విని నాకు మా పాఠశాల జ్ఞప్తికి వచ్చినది. ఇద్దఱమును ఎదురెదురుగా కూర్చుండి వల్లెవేయునపుడు ఒకని స్వరము తప్పినచో రెండవవాడు తక్షణమే ఆపి దిద్దెడివాడు. ఘనపారాయణములయందు నేటికిని అదే పద్ధతి. దిద్దించుకొన్నవాడు అవమానపడడు, దిద్దినవాడు గర్వింపడు. వేదము వేలయేండ్లుగా అక్షరము చెడక నిలిచినది ఈ క్షేమమువలననే గదా. ఆ మిత్రుడును నేనును బాల్యమున ఒకరి స్వరము నొకరము రోజుకు నూఱుమారులు దిద్దుకొన్నవారము. పెద్దలమై, గౌరవములు పెరిగి, ఒక పుండును గూర్చి ఒక్క మాట చెప్పలేకపోయితిమి. పెద్దఱికము మా నడుమ అనవసరమైన చోట నూనె పూసినది.

రథోత్సవమునాడు మోకులు పట్టి లాగువారు వందలకొలది. గోవింద నామముతో వారి ఉత్సాహము మిన్నుముట్టును. చక్రముల ప్రక్కన వంగి నడచుచు, రథము ప్రక్కకు ఒరగినపుడు కొయ్యదిమ్మెను చక్రము క్రింద వేసి ఆపువారు మాత్రము కొలదిమంది. వారి ముఖములు స్వామివైపు ఉండవు, చక్రమువైపు ఉండును. వారి దిమ్మెకు చక్రము ఒరసి కీచుమనును. ఆ చప్పుడు మంగళవాద్యముల నడుమ వినసొంపుగ నుండదు. ఐనను స్వామి క్షేమముగ నిలయమునకు చేరునది వారి చేతుల మీదుగా గూడ.

మన స్నేహితుల రథములు సాగునపుడు మోకు పట్టుటతోపాటు, వలసినచో దిమ్మె వేయగల ధైర్యమును, వేయు చేతికి మృదుత్వమును, మనకు వేసినవారిపై కోపింపని వివేకమును ఆ పార్థసారథి మనకందఱకును అనుగ్రహించుగాక.